మన బడి లెక్క ఎవరు రాస్తున్నరు?



పోస్టు పొడుగ్గనే ఉంటది. ఇప్పుడు టైం లేనోళ్ళు పక్కన పెట్టుకొని రేపు చదవండి, కానీ చదవండి. ముఖ్యంగా డిగ్రీ రెండో సంవత్సరం, మూడో సంవత్సరంలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం రాస్తున్న.

నాకు ఇరవై ఏళ్ళు. ఉట్నూర్ ఏజెన్సీలో ఒక గోండు గూడెం మాది. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివిన. ఇప్పుడు పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌లో ఉండి బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్న. బాపుకు సంతకం వస్తది, అవ్వకు అది కూడా రాదు. మా ఇంట్ల కాలేజీకి పోయింది నేనే మొదలు. ఇది గొప్పకు చెప్తలేను. మన గ్రూపులో చాలామంది పరిస్థితి ఇదే కాబట్టి, నేను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్ననో తెలవాలని చెప్తున్న.

మా హాస్టల్‌లో రాత్రి అన్నం తిన్నంక ముచ్చట ఏడ మొదలైనా చివరికి ఒక్క కాడికే వస్తది. "డిగ్రీ అయినంక ఏంది?" దానికి మాకు తెలిసిన జవాబులు మూడు. బి.ఎడ్. చేసి డీఎస్సీ రాసుడు. హైదరాబాద్ పోయి గ్రూప్స్‌కు చదువుడు. కానిస్టేబుల్, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్ల కోసం పొద్దుగాల లేచి గ్రౌండ్‌లో ఉరుకుడు. మూడూ మంచివే. సర్కారు జీతం వచ్చిన ఇల్లు ఎట్ల మారుతదో మన గూడేల్లో అందరం చూసినం. ఏ ఒక్కదాన్నీ నేను తక్కువ చేస్తలేను.

కానీ నాలుగో దారి ఒకటి ఉంది. దాన్ని గురించి మన హాస్టళ్ళలో ఎవరూ చెప్పరు. అది చదువు గురించి చదువుడు. పిల్లలకు పాఠం ఎట్ల చెప్పాలో నేర్పే బి.ఎడ్. కాదు ఇది. బడి ఎక్కడ పెట్టాలి, ఏ భాషలో చెప్పాలి, టీచర్‌గా ఎవరిని పెట్టాలి, పిల్లలకు వచ్చిందా రాలేదా ఎట్ల కొలవాలి, కాలేజీ దాకా ఎవరు వస్తున్నరు, మధ్యల ఎవరు ఆగిపోతున్నరు. ఇవన్నీ ఎవరు నిర్ణయిస్తరు, ఏ లెక్క చూసి నిర్ణయిస్తరు అన్నది ఇందులో పాఠం. విద్యా విధానం, మూల్యాంకనం, ఉన్నత విద్య అధ్యయనం అని వీటి పేర్లు. డిగ్రీ తర్వాత ఎం.ఏ.లో, ఆ పైన పీహెచ్‌డీలో ఉంటయి.

ఇది మనకెందుకు అని మీరు అడుగుతరు. నేను కూడా అడిగిన. జవాబు నాకు ఒక గూడెంలో దొరికింది.

పోయిన చలికాలం ఒక సంస్థ వాళ్ళు పిల్లల చదువు మీద సర్వే చేస్తున్నం, డిగ్రీ పిల్లలు కావాలని వచ్చిండ్రు. రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చిండ్రు. చేతికి ఒక ఫారం, ఒక చదివించే కాగితం. అందులో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కొంచెం పెద్ద కథ ఉన్నయి. అన్నీ తెలుగులో. పిల్లగాడు ఎక్కడి దాకా చదివితే అక్కడి గడిలో టిక్ పెట్టాలి. అంతే పని.

ఒక ఇంట్ల ఎనిమిదేళ్ళ పిల్లగాడు కూర్చున్నడు. అక్షరాలు చదివిండు. పదాల కాడ ఆగిపోయిండు. నేను "అక్షరాలు" అన్న గడిలో టిక్ పెట్టిన. ఫారం ప్రకారం అదే సరైన టిక్. నేను కాగితాలు సర్దుకుంటుంటే వాళ్ళ ముసలవ్వ గోండిలో వాడిని మేక దొరికిందా అని అడిగింది. వాడు చెప్పుడు మొదలుపెట్టిండు. మేక ఎప్పుడు తప్పిపోయింది, ఏ వాగు దాటి చూసిండు, ఎవరి చేను కాడ అడుగులు కనపడ్డయి, మళ్ళా ఏ మలుపు కాడ అవి పోయినయి, ఎందుకు వెనుకకు తిరిగిండు. ఒకదాని తర్వాత ఒకటి, తప్పకుండ, కారణంతో సహా చెప్పిండు. మా డిగ్రీ క్లాసులో సెమినార్ కూడా అంత వరుసగా ఎవరం చెప్పం. నా ఫారంలో దానికి గడి లేదు.

కాలేజీకి వచ్చినంక మా పొలిటికల్ సైన్స్ మేడంకు ఈ సంగతి చెప్పిన. "ఫారం తప్పంటవా?" అని ఆమె అడిగింది. ఏమనాలో తోచలేదు. ఫారం వాడికి తెలుగు చదువుడు ఎంత వచ్చో చూసింది. అది తక్కువే వచ్చు, అబద్ధం కాదు. మేడం అన్నది, "అక్కడ ఆగు. కొలిచింది తెలుగు చదవడం. రేపు రిపోర్టులో రాసేది ఏం రాస్తరు? ఈ పిల్లలు నేర్చుకోలేకపోతున్నారు అని రాస్తే, కొలిచింది ఒకటి, చెప్పింది ఇంకొకటి." దీనికి మూల్యాంకనం చదువులో ఒక పేరుందట. వ్యాలిడిటీ. బి.ఎడ్. పుస్తకాల్లో సప్రమాణత అని రాస్తరు. దాని పక్కన ఇంకోటి ఉంది, రిలయబిలిటీ, విశ్వసనీయత.

ఈ రెండూ పుస్తకంలో చదివితే నాకు ఎక్కలేదు. పత్తి కాంటా కాడ ఎక్కినయి. బాపుతో మార్కెట్ యార్డుకు పోయినోళ్ళకు తెలుసు. కాంటా మంచిదైతే అదే బోరె పది సార్లు పెట్టినా అదే తూకం చూపిస్తది. అది విశ్వసనీయత. కానీ పత్తి తడిగా ఉంటే? తూగింది పత్తి ఒక్కటే కాదు, అందులో నీళ్ళు కూడా తూగినయి. కాంటా తప్పు చెప్పలేదు, అయినా ఆ తూకం పత్తి తూకం కాదు. అందుకే తేమ మిషన్ పెట్టి చూస్తరు. 8 శాతం దాటితే ధర కోస్తరు, 12 దాటితే సర్కారు కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. మన పిల్లల పరీక్షలో భాష ఆ తేమ లాంటిది. లెక్కలు వచ్చా అని చూసే పరీక్షలో తెలుగు ఎంత వచ్చో కూడా కలిసి తూగుతది. పత్తికి తేమ మిషన్ ఉంది. మన పిల్లల మార్కులకు ఆ మిషన్ పెట్టేది ఎవరు?

ఒక చిన్న ప్రశ్న నేనే తయారు చేసి చూపిస్త. ఒక బొమ్మ ఉందనుకోండి. దూరంగా కొండ, కొండ కింద వాగు, ముందట ఇల్లు, ఇంటి కాడ నీళ్ళ బిందె. ప్రశ్న, "బొమ్మలో ఏరు ఎక్కడ ఉంది?" తెలుగు ఇంట్ల పెరిగిన పిల్ల వాగును చూపిస్తది. మన గోండు పిల్ల బిందెను చూపిస్తది. ఎందుకంటే గోండిలో ఏర్ అంటే నీళ్ళు. ఆ పిల్లకు బొమ్మ అర్థమైంది, ప్రశ్న విన్నది, ఆలోచించి జవాబు చెప్పింది. మార్కు మాత్రం సున్నా. ఇసోంటి ప్రశ్నలు పేపర్‌లో నాలుగు పడితే ఆ పిల్ల "వెనుకబడిన" లిస్టులోకి పోతది. ప్రశ్న తయారు చేసేటోళ్ళు చెడ్డోళ్ళు కాదు. ఆ గదిలో గోండి తెలిసినోళ్ళు ఒక్కరు కూర్చుంటే ఆ ప్రశ్న అక్కడనే ఆగిపోతుండె.

ఇప్పుడు దేశం లెక్క చూడండి. 2021 నవంబర్ 12న నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే జరిగింది. 3, 5, 8, 10 తరగతుల పిల్లలు సుమారు 34 లక్షల మంది, 1.18 లక్షల బడుల్లో రాసిండ్రు. పేపర్ 22 భాషల్లో ఇచ్చిండ్రు. ఆ 22లో బోడో ఉంది, గారో ఉంది, ఖాసీ ఉంది, మిజో ఉంది. గోండి లేదు, కోయ లేదు, కోలామి లేదు, సవర లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అని రాయించుకున్నోళ్ళు 29.8 లక్షలు. బోడో వాళ్ళు 14.8 లక్షలు. అంటే మంది తక్కువ ఉండి కాదు. బడిలో ఏ భాషలో చెప్తరో ఆ భాషలోనే పేపర్ ఇస్తరు. బోడోలు 1952లోనే సాహిత్య సభ పెట్టుకున్నరు, కొట్లాడి 1963లో తమ భాషను ప్రైమరీ బడిలోకి తెచ్చుకున్నరు. 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోకి ఎక్కిండ్రు. మన గోండి ఇంకా బయటనే ఉంది. మొన్న 2024 డిసెంబర్ 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరుతో 3, 6, 9 తరగతులకు మళ్ళా కొలత పెట్టిండ్రు. కొలతలు ఆగవు, వస్తనే ఉంటయి. కొలిచేటోళ్ళల్ల మనం ఉన్నమా లేమా అన్నదే ప్రశ్న.

ఇదంతా ఢిల్లీ సంగతి, మనకు కొత్త అనుకోకండి. విద్యా విధానం అన్నది మన అడవిలో ఎప్పుడో పుట్టింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం పోయినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకుందామని నిజాం సర్కారు హైమండార్ఫ్ దొరను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ జైనూర్ మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నరు. వాళ్ళ సమాధులు కూడా అక్కడనే ఉన్నయి. 1943లో మార్లవాయిలో టీచర్ల ట్రైనింగ్ కేంద్రం పెట్టిండ్రు. కొంచెం అక్షరం తెలిసిన గోండు యువకులను తెచ్చి టీచర్లను చేసిండ్రు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చు వేసిండ్రు. గోండు పిల్లలకు, గోండు పంతులు, గోండి పుస్తకం. ఇప్పుడు పెద్ద పెద్ద సదస్సుల్లో మాతృభాషలో ప్రాథమిక విద్య అని మాట్లాడుతున్నది మా మార్లవాయిలో ఎనభై ఏళ్ళ కింద జరిగింది.

తర్వాత ఏమైంది? పాలన మారింది, రాష్ట్రం మారింది, బడి భాష మారింది. బడులు మిగిలినయి, గోండి పుస్తకం మిగలలేదు. మళ్ళా 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కోలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, మొత్తం 8 భాషల్లో మాతృభాష ఆధారంగా చదువు మొదలుపెట్టిండ్రు. అది కూడా అన్ని గూడేలకు పోయి నిలబడలేదు. నా ఆశ్రమ పాఠశాలలో నాకు గోండి పుస్తకం చేతికి రాలేదు. ఒకటి ఎందుకు మొదలైంది, ఎందుకు ఆగింది, ఆగినప్పుడు పిల్లలకు ఏమైంది అని ఓపికగా లెక్క తీసి రాసేటోళ్ళు మన దాంట్ల లేకపోతే, పదేళ్ళకొకసారి ఎవరో ఒకరు కొత్తగా మొదలుపెడుతనే ఉంటరు. మనం ప్రతిసారి చప్పట్లు కొడుతనే ఉంటం.

జీఓ నంబర్ 3 గురించి మన గ్రూపులో ఎన్నో సార్లు మాట్లాడుకున్నం. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులు వందకు వంద స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన జీఓ అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల బెంచ్ దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నోళ్ళకు ఇబ్బంది లేకుండ చూసింది గానీ, ముందటి తొవ్వ మూసుకుపోయింది. మేమంతా ధర్నాలు చూసినం, బంద్‌లు చూసినం. అవి కావాలె. కానీ నాకు ఒక మాట అనిపిస్తది. మన పంతులు ఉన్న బడిలో పిల్లలు ఎంతమంది నిలబడ్డరు, బయటి పంతులు ఉన్న బడిలో ఎంతమంది మానేసిండ్రు, ఒకటో తరగతిలో భాష తెలిసిన టీచర్ ఉంటే అయిదో తరగతికి ఏం తేడా వచ్చింది. ఈ లెక్కలు ఏజెన్సీ మొత్తానికి, ఏళ్ళ తరబడి, ఎవరూ కాదనలేని పద్ధతిలో మన చేతుల్లో ఉంటే మన మాట బరువు వేరే ఉంటది. ఆవేదన రోడ్డు మీద వినపడతది. ఫైలులో లెక్క వినపడతది. మనకు రెండూ కావాలె.

కాలేజీ లెక్క కూడా ఒకటి చెప్త. దేశంలో ప్రతి ఏడాది ఉన్నత విద్య మీద ఐషీ అనే సర్వే వస్తది. 2021-22 లెక్క ప్రకారం స్థూల నమోదు నిష్పత్తి దేశం మొత్తానికి 28.4, ఎస్టీలకు 21.2. జాతీయ విద్యా విధానం 2020 దీన్ని 2035 కల్లా 50కి తీసుకుపోవాలంటది. ఈ 21.2 ఏంది? కాలేజీల్లో, దూరవిద్యలో పేరున్న ఎస్టీ విద్యార్థుల సంఖ్యను, 18 నుంచి 23 ఏళ్ళ ఎస్టీ యువత సంఖ్యతో భాగించి, వందతో గుణిస్తే వచ్చేది. కింద పెట్టే జనాభా కూడా 2011 లెక్కల మీద వేసిన అంచనా. మంచి లెక్కనే. మనం పెరుగుతున్నమని చెప్తది, సంతోషమే.

కానీ నాతోపాటు ఫస్ట్ ఇయర్‌లో చేరిన నా రూమ్‌మేట్ సంగతి వినండి. పత్తి ఏరేటప్పుడు ఇంటికి పోయింది, వాళ్ళ బాపుకు పానం బాగలేక మళ్ళా రాలేదు. చేరిన ఏడాది ఆమె ఆ 21లో ఒకతె. మరుసటి ఏడాది లేదు. ఆమె ఎందుకు పోయిందో, వెనుకకు రావాలంటే ఏం కావాలో ఆ ఒక్క సంఖ్య చెప్పదు. స్కాలర్‌షిప్ రెండు నెలలు ముందు పడితే ఉండేదా? పత్తి సీజన్‌లో ఇంటర్నల్ పరీక్షలు పెట్టకపోతే ఉండేదా? ఉన్నత విద్య అధ్యయనం అంటే ఇదే పని. చేరినోళ్ళను లెక్క పెట్టుడే కాదు, జారిపోయినోళ్ళ వెంట పోయి అడుగుడు. ఆ అమ్మాయి ఇంటికి పోయి అవ్వతో గోండిలో మాట్లాడి నిజం రాబట్టేది ఎవరు? ఢిల్లీ నుంచి వచ్చిన వాళ్ళా, మనమా?

సరే, ఈ చదువు ఎక్కడుంది? నాకు తెలిసినంత వరకు చెప్తున్న. తేదీలు, ఫీజులు ఏటేటా మారుతయి కాబట్టి నోటిఫికేషన్ మీరే చూసుకోండి.

ఒకటి. ఎం.ఏ. ఎడ్యుకేషన్ వేరు, ఎం.ఎడ్. వేరు. ఎం.ఎడ్.కు ముందు బి.ఎడ్. ఉండాలి. ఎం.ఏ. ఎడ్యుకేషన్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. కానీ యాది పెట్టుకోండి, డీఎస్సీ రాసి టీచర్ కావాలంటే ఎం.ఏ. ఎడ్యుకేషన్ పనికిరాదు. దానికి డి.ఎడ్. లేదా బి.ఎడ్., టెట్ ఉండాల్సిందే.

రెండు. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో రెండేళ్ళ ఎం.ఏ. ఎడ్యుకేషన్ ఉంది. ఎంట్రన్స్, ఇంటర్వ్యూ ఉంటయి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజుకు, హాస్టల్‌కు, భోజనానికి కూడా స్కాలర్‌షిప్ ఇస్తరు. బడుల్లోకి పోయి పని చేసే ఫీల్డ్ ప్రాక్టీస్ కూడా చదువులో భాగమే. హైదరాబాద్‌లో టిస్ క్యాంపస్ ఉంది, అక్కడ కూడా ఎం.ఏ. ఎడ్యుకేషన్ నడిచింది. ఈ మధ్య టిస్ సీట్లు సీయూఈటీ పీజీ పరీక్ష ద్వారా ఇస్తున్నరు.

మూడు. ఇల్లు విడిచి పోలేనోళ్ళకు ఇగ్నో ఉంది. దూరవిద్యలో ఎం.ఏ. ఎడ్యుకేషన్, అందులో ఉన్నత విద్య అని ప్రత్యేకంగా ఎంచుకునే వీలుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రాలున్నయి. పని చేసుకుంట చదవొచ్చు.

నాలుగు. ఎం.ఏ. తర్వాత పీహెచ్‌డీ చేయాలనుకుంటే ఢిల్లీలో నీపా అనే జాతీయ సంస్థ ఉంది. విద్యా ప్రణాళిక, పరిపాలన మీదనే పని చేసే యూనివర్సిటీ అది. ఉన్నత విద్య విధానం మీద పరిశోధనకు అందులో వేరే కేంద్రమే ఉంది. జేఎన్‌యూలో జాకిర్ హుస్సేన్ సెంటర్ ఉంది. యూజీసీ నెట్‌లో ఎడ్యుకేషన్ ఒక సబ్జెక్టు. అది పాసైతే కాలేజీ లెక్చరర్ దారి కూడా తెరుచుకుంటది.

అయిదు. పైసల సంగతి. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 1000 కొత్త మందికి ఇస్తది, కుటుంబ ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి, వాళ్ళ లిస్టులో ఉన్న సంస్థలో సీటు రావాలి. పీహెచ్‌డీకి నేషనల్ ఫెలోషిప్ ఏడాదికి 750. విదేశాల్లో చదివేటందుకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20, అందులో 3 ఆదిమ తెగలకు. మన దగ్గర కోలాం, తోటి పిల్లలు ఈ మూడు సీట్ల ముచ్చట తప్పకుండ తెలుసుకోవాలె.

ఇప్పుడు కష్టాలు కూడా చెప్పాలె, లేకపోతే ఈ పోస్టు కోచింగ్ సెంటర్ పాంప్లెట్ అయితది.

మొదటిది ఇంగ్లిష్. క్లాసు, పుస్తకం, పరీక్ష అంతా ఇంగ్లిష్. నాకు ఇంట్ల గోండి, బడిలో తెలుగు, దేవర కాడ, సంతల మరాఠీ కొంచెం. ఇంగ్లిష్ నాలుగో భాష. ఒక రిపోర్టు పేజీ చదవాలంటే నాకు అరగంట పడుతది. మొదట్ల గంట పట్టేది.

రెండోది ఉద్యోగం. ఇది చదివితే సర్కారు నౌకరీ గ్యారంటీ లేదు. విద్య మీద పనిచేసే సంస్థలు, పరిశోధన ప్రాజెక్టులు, కాలేజీలు, సర్కారు విద్యా శాఖ చేపట్టే కార్యక్రమాలు, ఇట్ల ఉంటయి. చాలావరకు కాంట్రాక్టు. డీఎస్సీ వచ్చినట్టు ఊరంతా డప్పు కొట్టే ఉద్యోగం కాదు.

మూడోది ఇల్లు. దసరా సెలవుల్లో బాపుకు ఈ సంగతి చెప్పిన. బాపు శానాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిండు, "పంతులమ్మ ఉద్యోగం వస్తదా దాంతోని?" రాదు అని చెప్పిన. "మరి ఏం చేస్తవు చదివి?" అన్నడు. నేను పెద్ద మాటలు చెప్పలేదు. "బాపూ, తమ్ముడికి పోయినేడు బడిలో సీ గ్రేడ్ వచ్చింది కదా. ఆ గ్రేడ్ ఎట్ల ఇస్తరో, ఆ పేపర్ ఎవరు తయారు చేస్తరో, ఆ పనికి సంబంధించిన చదువు" అన్న. బాపు తమ్ముడి దిక్కు చూసిండు. వాడు ఎడ్లకు పాట పాడుకుంట నీళ్ళు పెడుతున్నడు. మా గూడెంలో దండారి పాటలు వాడికి వచ్చినన్ని ఇంకో పిల్లగాడికి రావు. "వాడు సీ నా?" అన్నడు బాపు. ఇంకేం అనలేదు. అవ్వకు మాత్రం నా పెండ్లి బెంగ ఉంది, అది తీరలేదు.

చివరికి మా ఇంట్ల ఒప్పందం ఇట్ల కుదిరింది. ఒక్క ఏడాది ఎంట్రన్సులు రాయాలె. సీటు, పూర్తి స్కాలర్‌షిప్ రెండూ వస్తేనే పోవాలె. అప్పు చేసుడు లేదు, చేను కుదువ పెట్టుడు లేదు. రాకపోతే బి.ఎడ్. ఎంట్రన్స్ రాసి పంతులమ్మ దారి పట్టాలె, ఎం.ఏ. తర్వాత ఇగ్నోలో చేసుకోవచ్చు. నాకు ఇది న్యాయంగనే అనిపించింది. మన ఇండ్లల్ల కల ఒక్కరిది కాదు, దాని ఖర్చు అందరిది.

మీలో కొందరు అనొచ్చు, పాలసీ చదివినోళ్ళు ఏసీ గదుల్ల కూర్చుంటరు, గూడెంకు ఏం చేస్తరు అని. ఆ మాటలో నిజముంది. నేను ఎదురు చెప్పను. కానీ ఆ గది ఉంటది. మనం పోయినా పోకపోయినా ఉంటది. అక్కడ మన ఆశ్రమ పాఠశాలల మీద, ఏకలవ్య బడుల మీద, మన హాస్టల్ మెస్ మీద కాగితాలు తయారైతనే ఉంటయి. ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద కేంద్ర గిరిజన యూనివర్సిటీ వచ్చింది. విజయనగరంలో ఇంకోటి ఉంది. వాటిల్లో రేపు గిరిజన విద్య మీద పాఠం చెప్పాలంటే ప్రొఫెసర్ కావాలె. ఆ కుర్సీలో కూర్చునే చదువు మన దాంట్ల ఎంతమందికి ఉంది? కుర్సీ పుట్టినంక చదువు మొదలుపెడితే అందదు. పదేళ్ళు ముందే మొదలుపెట్టాలె.

అందరూ ఈ దారి పట్టాలని నేను అంటలేను. వంద మందిల తొంభై మంది టీచర్లు, నర్సులు, పోలీసులు, ఇంజనీర్లు కండి. ఇద్దరు ముగ్గురు ఇటు దిక్కు రండి. ఒక్కరు పోతే ఆ గదిలో ఒంటరి అయితరు, ముగ్గురు పోతే మాట నిలబడతది.

నేను మొదలుపెట్టిన పని చెప్త. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ కాల్‌లో మేం నలుగురం హాస్టల్ పిల్లలం కూర్చుంటున్నం. విద్య మీద ఒక ఇంగ్లిష్ రిపోర్టు తీసుకొని రెండు పేజీలు చదువుతం, అర్థం కాని మాటలు రాసుకుంటం, తెలుగులో, మా మా భాషల్లో చెప్పుకుంటం. నెల రోజుల్లో ఎనిమిది పేజీలు అయినయి. ఎవరికి రావాలని ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. మార్కులతో పని లేదు, బ్యాక్‌లాగ్ ఉన్నా పర్వాలేదు.

ఇంకొక్కటి అడుగుతున్న. ఇది పోస్టు చదివిన ప్రతి ఒక్కరికీ. పైన గోండిలో "ఏర్" గురించి చెప్పిన కదా. మీ భాషలో, కోయలో, కోలామిలో, నాయకిలో, సవరలో, లంబాడీలో అట్లాంటి మాట ఒక్కటి కింద రాయండి. తెలుగులో ఒక అర్థం, మన ఇంట్ల ఇంకో అర్థం. దాని వల్ల బడిలో మీకు గానీ, మీ తమ్ముడికి గానీ ఏమైందో రెండు లైన్లు రాయండి. వంద మాటలు జమ అయితే అది ఒక కాగితం అయితది. ప్రశ్నపత్రాలు తయారు చేసేటోళ్ళ బల్ల మీద పెట్టేటందుకు పనికొచ్చే కాగితం. ఆ బల్ల కాడికి దాన్ని మనలో ఎవరో ఒకరు తీసుకపోతరు.

నా మాట ముందే రాసిన. ఇప్పుడు మీ వంతు.

జై సేవా. జై కొమురం భీం.